మూడో దడి దగ్గర అమ్మ గాజు

ఇంగ్లండులో, నాన్నను స్లౌ ఇంటి నుంచి స్టీవెనేజ్‌లో మా వీధికి మార్చడానికి సామాను సర్దుతుంటే, మెట్ల కింద అరలో పాత కాన్వాస్ సంచి దొరికింది. జిప్పు లాగానో లేదో ఉప్పు, తుప్పు, ముదిరిన రబ్బరు, ఎక్కడో అడుగున పులిహోర ఇంగువ, అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. నా చేతి గాజు జిప్పుకు తగులుకుంది. అది అమ్మది, ఒంటి గాజు. జత ఏదని అడిగిన ఆంటీలందరికీ అమ్మ పోయేదాకా "ఇప్పుడిదే ఫ్యాషనండీ" అని చెప్పి నవ్వేసేది. ఆ రెండో గాజును పోగొట్టింది నేనే. ఇరవై ఏళ్ళయినా ఆ ముక్క నాన్నకు చెప్పలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్నకు ఉద్యోగం పోయింది. ఇంట్లో మాట కూడా పోయింది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళే చోటు లేక కిటికీ దగ్గర కూర్చునేవాడు. అది చూడలేక ఎదురింటి ముసలాయన తన పాత మెటల్ డిటెక్టర్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఇక ప్రతి శనివారం సస్సెక్స్ తీరానికి ప్రయాణం. పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కు, దుప్పటి, అమ్మ సణుగుడు, అన్నీ కారెక్కేవి. నాన్న చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మిషను ఊపుతూ నడిస్తే, అది కూసిన చోట నేను ప్లాస్టిక్ పారతో తవ్వేదాన్ని. అరిసెల పిండి జల్లించే జల్లెడతో అమ్మ ఇసుక జల్లించేది. దొరికేవన్నీ కూల్‌డ్రింక్ డబ్బాల రింగులూ, టెంటు మేకులూ, చక్రాల్లేని బొమ్మ కారూ. అయితేనేం, అక్కడ నాన్న నోరు విప్పేవాడు. కాకినాడ పక్కన ఉప్పాడలో తుఫాను వెలిశాక జనం దువ్వెనలతో ఇసుక దువ్వి బంగారు రవ్వలు ఏరుకునేవారనీ, తనకూ చిన్నప్పుడు ఆవగింజంత రవ్వ దొరికిందనీ చెప్పేవాడు. "తడి ఇసకలోనే బంగారం దిగుద్దమ్మా" అనేవాడు. వారమంతా నేను ఆ గొంతు కోసం కాచుకుని ఉండేదాన్ని.

అమ్మ చెయ్యి దగ్గరికి వస్తే చాలు, మిషను చెవులు పగిలేలా కూసేది. అందుకని జల్లెడ పట్టే ముందు రెండు బంగారు గాజులూ తీసి, మట్టిగాజులు మాత్రం ఉంచుకుని, బంగారువి చేతిరుమాల్లో ముడివేసి ఖాళీ డబ్బాలో పెట్టేది. మంగళసూత్రం జోలికి రావద్దని మిషనుకే వార్నింగ్ ఇచ్చేది. ఆ గాజులు అమ్మమ్మ కాసులపేరు కరిగించి చేయించినవి.

వినాయక చవితి వెళ్ళిన శనివారం, మిగిలిన ఉండ్రాళ్ళతో బయల్దేరాం. కారులో అమ్మ తేల్చేసింది.

"ఇదే ఆఖరండీ. ఇవాళ కూడా మూతలే ఏరారంటే, మిషను ఛారిటీ షాపులో ఇచ్చేసొస్తాను."

నాన్న "అలాగేలే" అన్నాడు. ఆ మాట కిటికీ దగ్గర కూర్చునే నాన్న గొంతుతో అన్నాడు. మిషను పోతే శనివారం పోతుంది, శనివారం పోతే నాన్న మళ్ళీ కిటికీ దగ్గరికి పోతాడు. బంగారం దొరికి తీరాలి.

ఆ తీరంలో ఇసుక కొట్టుకుపోకుండా సముద్రంలోకి నిలువుగా చెక్క దడులు పాతి ఉండేవి. అన్నీ ఒక్కలాగే, పాచి పట్టి పచ్చగా. అమ్మ అటు తిరగ్గానే డబ్బాలోంచి ఒక గాజు తీసుకుని మూడో దడి దాకా పరుగెత్తి, నీళ్ళకు కాస్త ఇవతల మోచేతి లోతున పాతేశాను. గుర్తుకు ఐస్‌క్రీం పుల్ల గుచ్చాను. వేరేవాళ్ళు తవ్వకుండా దాని మీద స్కెచ్ పెన్నుతో "నాన్న" అని రాశాను, అమ్మ నేర్పిన తెలుగులో, న వత్తు వంకరగా.

నాన్నేమో అటు కాకుండా ఇటు నడిచాడు. "నాన్నా, అటు చూద్దాం" అంటే "అటు పోయిన వారమే చూశాం కదమ్మా" అన్నాడు. చెయ్యి పట్టి లాగితే నవ్వాడు. ఈలోగా పోటు మొదలైంది. నేను వెనక్కి పరుగెత్తేసరికి నీళ్ళు దడుల మధ్యకు వచ్చేశాయి. పుల్ల లేదు. నేను లెక్కపెట్టింది కారు వైపు నుంచా, టాయిలెట్ల వైపు నుంచా? ఏది మూడోది? చల్లటి నీళ్ళు మోకాళ్ళను కొడుతుంటే వెళ్ళి అమ్మ చున్నీ పట్టుకుని అంతా కక్కేశాను.

అమ్మ చెయ్యి పైకి లేచింది. దూరాన మిషను ఊపుతూ ఏదో కూనిరాగం తీస్తున్న నాన్నను చూసి, ఆ చెయ్యి దిగిపోయింది.

"నోరుమూసుకో. నాన్నకి చెప్పావో, వీపు చీరేస్తాను" అని నా చెవిలో చెప్పి, "ఏవండోయ్! నా గాజు జారిపోయిందండీ! ఆ దడుల దగ్గరే!" అని కేక పెట్టింది.

నాన్న బూట్లతోనే నీళ్ళలోకి దూకాడు. ఆయనకు తెలిసింది కాకినాడ సముద్రం, పోటొచ్చినా కాళ్ళు తడిపి పోయేది. ఇది చూస్తుండగానే నడుం దాకా లేచింది. మిషను పిచ్చిపట్టినట్టు కూస్తోంది. ఒక కెరటం ఆయన్ను దడికేసి కొట్టింది. పడ్డాడు, లేచాడు, మళ్ళీ ముందుకే వెళ్ళాడు. "గాజు గంగలో కలిస్తే కలిసింది, మీరు రండీ!" అని అమ్మ ఏడుపుగొంతుతో అరుస్తోంది. నిజం చెబితే తిరిగొస్తాడా, ఇంకా లోపలికి వెళ్తాడా? చివరికి అమ్మ కూడా దిగి చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. గులకరాళ్ళ మీద కూలబడి, పళ్ళు టకటకలాడుతుంటే, "వచ్చే శనివారం తీస్తాను, చూడు" అన్నాడు.

అంతే, ఛారిటీ షాపు మాట మళ్ళీ వినపడలేదు. మరుసటి వేసవిలో నాన్నకు ఉద్యోగం వచ్చింది, అయినా శనివారాలు ఆగలేదు. "అమ్మ గాజు ఎక్కడికి పోద్దే" అంటూ ఏళ్ళ తరబడి ఆ ఇసుకే దువ్వాడు. గాజు మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఆ దడులు లేవు, వాటి చోట పెద్ద బండరాళ్ళు పోశారు. అమ్మ లేదు. ఆ జల్లెడ ఏమైపోయిందో తెలియదు.

సంచి పక్క జేబులో హెడ్‌ఫోన్ల కింద ఏదో గుచ్చుకుంది. తీశాను. ఐస్‌క్రీం పుల్ల. ఉప్పుకు తెల్లబడిన చెక్క మీద వెలిసిన నీలం అక్షరాలు, వంకర వత్తు. ఆ తీరంలో తెలుగు రాసేవాళ్ళు ఇంకెవరుంటారు? తీసుకెళ్ళి వంటింట్లో టీ తాగుతున్న నాన్న ముందు పెట్టాను.

"ఇదా... ఆ పై వారమే దొరికిందమ్మా, దడి పక్క నాచులో. చూడగానే అర్థమైపోయింది" అన్నాడు.

"మరి నన్నెందుకు అడగలేదు నాన్నా?"

"నువ్వే చెప్తావని చూశాను." కప్పు కింద పెట్టి, పుల్లను బొటనవేలితో తుడిచాడు. "మీ అమ్మకీ చెప్పలేదు. నిన్ను కాపాడానని మహా సంబరపడేది, పిచ్చిది."

ఏడుపు ఆగలేదు నాకు. నాన్న ఒంటి గాజున్న నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"సర్లే బుజ్జమ్మా. శనివారం సముద్రం నీళ్ళు ఎన్నింటికి వెనక్కి తీస్తాయో, ఆ ఫోన్లో చూడు."