హద్దురాయి దగ్గర మూడుసార్లు

గోడ గడియారానికి పెన్సిల్ సెల్లు మారుస్తుంటే వేళ్లకు అంటుకునే లోహపు వాసన నన్ను ఇప్పటికీ అచ్చంపేట అడవి అంచుకు తీసుకుపోతుంది. తొంభైల చివర్లో అక్కడ సర్వే పనిలో ఉన్నాను. మా పెద్ద సర్వేయర్ ఖాజా సాబ్. ఆయన భుజాన కొలత గొలుసు, నా చేతిలో కొత్తగా వచ్చిన జీపీఎస్. ఉపగ్రహాల సంకేతాలు పట్టి, మనం నిలబడ్డ చోటును అంకెల్లో చెప్పే చిన్న యంత్రం. నాలుగు సెల్లులు వేస్తే ఒక పూటకు సరిపోయేవి.

అప్పటికి నేను ఊరూరా తిరిగి బాణామతి అబద్ధమని వాదించినవాణ్ణి. దిష్టి తీసిన నిమ్మకాయలను నడిబజార్లో తొక్కి చూపినవాణ్ణి. రుజువు లేని మాట ఎవరు చెప్పినా ఒప్పుకోనని నాకు మహా గర్వం.

అడవి హద్దు తేల్చే పనిమీద ఒకరోజు గొర్లు కాచే మల్లమ్మ చెలకకు పోయాం. ఆమెకున్న ఆధారమంతా ఒక బావి, దాని కింద రెండెకరాలు. బావి హద్దుకు అవతల పడితే అడవిది, ఇవతల పడితే ఆమెది. నేను గట్టు మీద నిలబడి అంకెలు చూసి పటంతో పోల్చాను. బావి అడవిలో పడింది. అదే రాసేద్దామని పెన్ను తీశాను.

“సారూ, మా మామ తవ్విన బాయి ఇది. గీ డబ్బ ఇయ్యాల వచ్చి నాది కాదంటదా?” అంది మల్లమ్మ.

“ఇది సైన్సమ్మా. అబద్ధమాడదు.”

ఖాజా సాబ్ గొలుసు కింద పెట్టాడు. “జర ఆగు బేటా. హద్దురాయి కాడికి పోదాం.”

ఆ రాయి ఎక్కడుందో పటంలో ఏనాడో తేలి ఉంది. దానిమీద యంత్రాన్ని పెట్టించాడు. రాయి ఉన్న చోటుకు డెబ్బై గజాల అవతల చూపింది. సాబ్ బీడీ ముట్టించాడు, అది అయిపోయాక మళ్లీ చూడమన్నాడు. ఇంకో అంకె. చెట్టు నీడలో నమాజ్ చేసుకొని వచ్చి మూడోసారి చూడమన్నాడు. మరో అంకె.

“ఏం బేటా, రాయి నడుస్తాందా?”

మల్లమ్మ నవ్వు దాచుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “నా గొర్లు నడుస్తయ్ సాబ్. రాళ్లెట్ల నడుస్తయ్?”

సాబ్ నా వైపు తిరిగాడు. “దేవునికి మొక్కనంటవు. గీ డబ్బకు మొక్కుతున్నవ్ గద!”

నా ముఖం మాడిపోయింది. అంత తేడా రావచ్చని యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ఊరందరినీ రుజువు అడిగే నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు.

రాయి నుంచి బావి దాకా ఎండలో గొలుసు లాగాం. బావి హద్దుకు ఇరవై గజాలు ఇవతల తేలింది. పటంలో ఆ గుర్తు నాతోనే పెట్టించాడు సాబ్. యంత్రాన్ని మాత్రం పారేయమనలేదు. “అడవిల తొవ్వ తప్పితే అక్కరకొస్తది. ఒకరి బాయి గుంజుకునేటందుకు చాలది” అన్నాడు.

ఐదు పూటలా నమాజ్ చేసే మనిషి పరీక్షించాడు, నాస్తికుణ్ణైన నేనేమో యంత్రాన్ని గుడ్డిగా నమ్మేశాను. హేతువాద సభల్లో ఈ మాట చెబితే మావాళ్లే కొందరు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనీ. ఒక మనిషి బతుకు పోయేలా ఉన్న అంకె ఏదైనా నా ముందుకొస్తే, ఈనాటికీ పెన్ను మూత పెట్టేసి, ముందు ఆ హద్దురాయి లాంటిది ఒకటి వెతుక్కుంటాను.