ఎక్కని బండి

మొన్న పటమటలో మా తోడికోడలి కూతురికి అరవై ఏళ్ళు నిండిన వేడుక చేస్తే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను. వేస్తున్నంతసేపూ, నా పిల్ల బతికి ఉంటే దీనికన్నా పదహారు రోజులే చిన్నది కదా అని మనసు పీకుతూనే ఉంది. ఎనభై ఏళ్ళ ముసలిదానికి ఇంకా ఈ కుళ్ళేమిటని నవ్వకండి, నా ఈడువాళ్ళలో ఒకరిద్దరికైనా ఇలాంటిది ఉండకపోదు.

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మా ఇంటి రెండు మగ్గాల్లో ఒకటి మూలపడింది, రెండోదానికి నూలు కండెలు చుట్టే పని నాది. మా తోడికోడలూ నేనూ ఒకేసారి నీళ్ళోసుకున్నాం. ఆవిడకు పాలూ పళ్ళూ బెజవాడలో బట్టల కొట్టున్న పుట్టింటి నుంచి వచ్చేవి, నాకు గంజీ గోంగూరే. ఆవిడ ఒళ్ళు నిగనిగలాడుతుంటే, నా పాదాలు పొంగి, నొక్కితే గుంట పడేవి.

ఏడో నెలలో ఆవిడను డాక్టరమ్మకు చూపించడానికి పుట్టింటి గూడుబండి వచ్చింది. ఎక్కబోతూ నా కాళ్ళు చూసి ఆగింది.

"ఏమే చెల్లీ, ఆ కాళ్ళేంటే అట్టా ఉన్నాయి? రా, నువ్వూ ఎక్కు. ఖర్చు మా నాన్న చూసుకుంటాడులే."

కండెలు తను చుడతానని మా అత్తగారు కూడా పొమ్మంది. కానీ ఊరికి చీరలు నేసే ఇంట్లో నాకున్నవి రెండే చీరలు, రెండూ అతుకులవే. ఆవిడ జరీ అంచు పక్కన అలా కూర్చోవడం తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. అది కనిపెట్టి ఆవిడ తన చీర ఒకటి తెచ్చి ఇవ్వబోతే ఇంకా మండింది.

"మీరెళ్ళి రండక్కా, మాబోటి వాళ్ళకి మంత్రసాని చాలు" అన్నాను.

నెలలు నిండాక నొప్పులతో పాటు మూర్ఛలు వచ్చాయి. మంత్రసాని చేతులెత్తేసింది. బండి బాడుగ కోసం మా ఆయన నాలుగిళ్ళూ తిరిగి వచ్చేలోగా ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. అలా నీరు పట్టిన వాళ్ళను ఆ డాక్టరమ్మ ముందే పడుకోబెట్టి, మందులిచ్చి గట్టెక్కించేదని తర్వాత తెలిసింది.

ఊరంతా మా లేమినే తిట్టింది. అదీ అబద్ధం కాదు. మా తోడికోడలు మాత్రం నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళాల్సిందని తను పోయేదాకా కుమిలింది. ఓర్వలేకే రాలేదక్కా అని ఒక్క మాట చెబితే తేలికపడేది. చెప్పలేదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇప్పుడిలా రాసుకుంటున్నాను.

ఈ రోజుల్లో మా వీధి చివరి సర్కారు ఆసుపత్రిలో కూలికెళ్ళే పిల్లలు కూడా కడుపులతో వరసగా కూర్చుని, డాక్టరమ్మ ఇంకా రాలేదేమిటని విసుక్కుంటారు. ఎవరి దయా అక్కర్లేకుండా అలా విసుక్కోగలగడం చూస్తే ముచ్చటేస్తుంది, కాసేపటికి వాళ్ళ మీదా కుళ్ళు పుడుతుంది.