ఫ్లైవీల్ మీద ఆమె వేళ్లు

క్లచ్ ప్లేటు మార్చే పని పడితే చాలు, మెకానిక్ షెడ్డు వెనక గదికేసి కేకేస్తాడు. ఇవాళా వేశాడు: "ఏమేవ్, ఒకసారి రా!"

ఏళ్ల తరబడి ఇనుముతో కుస్తీ పట్టి ఆయన వేళ్లు మొద్దుబారాయి. బట్టలు కుట్టే భార్య వేళ్లకు పోగు తేడా కూడా తెలుస్తుంది. ఆమె మిషను ఆపి వచ్చి, ప్లేటు ఆనుకుని తిరిగే ఇనప చక్రాన్ని, ఆ ఫ్లైవీల్‌ను, కళ్లు మూసుకుని తడిమింది.

"గీతలు పడ్డాయి. లేత్‌కు పంపి సాపు చేయించండి."

"కొత్త ప్లేటు వేస్తున్నాంగా, చాలదా?" అన్నాడు బండి రిపేరుకు తెచ్చిన కారాయన.

"గీతల మీద వేస్తే నాలుగు రోజులకే బండి వణుకుతుంది. ఆవిడ వద్దన్నాక నేను బిగించను," మెకానిక్ కసిరాడు.

ఆమె నవ్వి ఆయన అరచెయ్యి తడిమింది. "దీన్నీ లేత్‌కు పంపాల్సిందే."

"వద్దే. నున్నబడితే నీ చెయ్యి జారిపోదూ?" అంటూ ఆయన వేళ్లు ముడిచాడు.