తిమ్మక్క రాసిన పేరు

మా పక్కింటి బాలప్ప తన ట్రాక్టర్ ట్రైలర్‌కు వేసే గొలుసు చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. సాయంత్రం పాలు పితికే వేళకు మొదలుపెట్టేవాడు. ట్రైలర్‌ను గోడవారకు నిలిపి, ఒక చక్రం విప్పి ఇంట్లోకి దొర్లించి, ఇరుసు కింద రాళ్లు పేర్చి, గొలుసు చుట్టి తాళం బిగించి, అది పడిందో లేదో లాగి చూసేవాడు. పొద్దున్నే మళ్లీ అంతా విప్పుకుని, టమోటా క్రేట్లు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయేవాడు.

"దాంట్లో బంగారమేమన్నా దాసిపెట్టుండావా బాలప్పన్నా?" అని ఎగతాళి చేసేదాన్ని. సంగతి తెలిసే అనేదాన్ని. నా నోరు అలాంటిది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ ట్రైలర్ వెనక డోరు మీద ఆయన భార్య తిమ్మక్క రాసిన పేరు ఉండేది.

మా చౌడేపల్లెలో పొదుపు సంఘంవాళ్లు మాకు సంతకం నేర్పినప్పుడు నేను నా పేరుతో సరిపెట్టుకున్నాను. తిమ్మక్క పట్టుబట్టి అక్షరాలన్నీ నేర్చుకుంది. మా ఈడు ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో పలకం. రేషన్ కార్డువాళ్లు అడిగినా ఆమె నా వైపు చూసేది, నేనే చెప్పేదాన్ని. అలాంటి మనిషి, కొత్త ట్రైలర్ వచ్చిన రోజు, వాకిట్లో అందరూ చూస్తుండగా కుంచె తీసుకుని ఎర్ర రంగుతో 'బాలప్ప' అని రాసేసింది. వంకరటింకర అక్షరాలు, చివరిది కిందికి జారిపోయింది. "నేను పలకలేదప్పా, రాసినాను, అంతే" అంది. బాలప్ప సిగ్గుపడి కొట్టంలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

నిరుడు కార్తీకంలో జ్వరమొచ్చి తిమ్మక్క పోయింది. గొలుసు ఆ తర్వాతే కొన్నాడు.

ఈ వేసవిలో పుంగనూరు చుట్టుపక్కల ట్రైలర్లు పోవడం మొదలైంది. దొంగలు తమ ట్రాక్టర్ తెచ్చి, తగిలించుకుని దర్జాగా లాక్కుపోతున్నారట. కుప్పం నుంచి బాలప్ప అల్లుడు గంగాధర్ ఫోన్ చేశాడు.

"మామా, ఈడ ఒకాయప్పది పోయి వి.కోట కాడ దొరికింది. పేరు గీకేసుండారు. నాదేనని ఎట్ల సెప్పేది? నువ్వు పేరూ నంబరూ గట్టిగా రాయించుకో."

బాలప్పకు ట్రైలర్ పోతుందన్నదే ఇన్నాళ్ల భయం. పేరు గీకేస్తారన్న ఊహే ఆయనకు రాలేదు. "దాన్ని గీకేస్తారా రాజేశ్వరమ్మా?" అని నన్ను పదేపదే అడిగాడు.

మర్నాడే పుంగనూరుకు తోలుకుపోయి పెయింటర్ మునిశేఖర్‌కు అప్పగించాడు. "ఈ పేరు ఎవురూ చెరపలేకుండా సెయ్యప్పా. కింద ఫోన్ నంబరు రాయి" అన్నాడట. ఆ రాత ఎవరిదో మాత్రం చెప్పలేదు. పెళ్లాం రాసిందని పరాయి మగవాడితో అనడానికి నోరు రాలేదు. ఆ ఒక్క ముక్క అనేసి ఉంటే ఏం పోయేది!

తిరిగి తెచ్చుకునే రోజు సంతలో పనుండి నేనూ వెంట వెళ్లాను. వెనక డోరు పసుపు రంగుతో తళతళలాడుతోంది. మధ్యలో గుండ్రటి అక్షరాలతో 'బాలప్ప', కింద నంబరు.

"పాత రాత మీదనే ఏసింటే పెచ్చులు లేసిపోతాదన్నా. రేకు కనపడేదాకా గీకి, ప్రైమర్ కొట్టి రాసినా. ఇంక ఎవురూ చెరపలేరు" అన్నాడు మునిశేఖర్. పాపం, అతని తప్పేమీ లేదు. చెప్పిన పని చక్కగా చేశాడు.

బాలప్ప ఆ అక్షరాలను చేత్తో తడిమాడు. నున్నగా ఉన్నాయి.

"గీకిందంతా యాడేసినావప్పా?" అని అడిగాడు చివరికి.

"ఊడ్సి కాలవలోకి తోసేసినా. యాలన్నా?"

"ఊరికే."

ఊరు దగ్గర పడ్డాక బాలప్ప ట్రాక్టర్ పక్కకు ఆపి, ముందుకే చూస్తూ అన్నాడు.

"ఒగేఒగసారి నన్ను పేరు పెట్టి పిలిసింది రాజేశ్వరమ్మా. దొంగోడెవుడూ రాలేదు. నేనే తోలకపోయి గీకిచ్చినా."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు ట్రైలర్ చక్రాలతోనే వీధిలో ఉంటోంది. పాలు పితికే వేళకు నా చెవులు ఆ గొలుసు చప్పుడు కోసం ఎదురుచూస్తాయి. మొన్న ఉండబట్టలేక, "గొలుసు ఎయ్యవా బాలప్పన్నా?" అన్నాను.

"దాంట్లో ఏముండాదని ఏసేదమ్మా?" అన్నాడు.