చెప్పులకు కాపలా

నిన్న బెజవాడ నుంచి భీమిలి వెళ్లి, అక్కడి సముద్రపు గుహ చూడబోయాం. "అమ్మా, రాళ్లు జారతాయి. నువ్విక్కడే కూర్చుని చెప్పులు చూసుకో," అన్నాడు మా అబ్బాయి. ఉప్పునీటికి తడిసిన నా మంగళగిరి చీర వాసన ముక్కుకు తగిలింది. ఒకప్పుడు ఇక్కడే తడిసిన నాయనమ్మ చీరదీ ఇదే వాసన.

చిన్నప్పుడు పామర్రు నుంచి ఇంటిల్లిపాదీ ఇదే గుహకు వచ్చాం. మగాళ్లు లోపలికి, ఆడాళ్లు చెప్పులకు కాపలా. మీ ఇళ్లల్లోనూ ఇంతేగా? నాయనమ్మ మాత్రం నాట్లకు దిగినట్టు చీర ఎగ్గట్టి, నా చెయ్యి పట్టుకుని నడిచింది. వెనకే అమ్మా, అత్తా.

"చెప్పులెవరు చూస్తారే అమ్మా?" నాన్న కేకేశాడు.

"ఎవరివి వాళ్లే చూసుకోండ్రా. నేనొచ్చింది గుహ చూడ్డానికి!"

లోపల మసక చీకటి, మోకాళ్లదాకా చన్నీళ్లు. అల దూరినప్పుడల్లా గుహంతా బుసకొట్టేది. నాయనమ్మ నా పేరు గట్టిగా పిలిచి, అది తిరిగి వినపడితే పగలబడి నవ్వింది.

బయటికొస్తే చెప్పుల్లేవు. మా ఊళ్లో కాలవ గట్టున వదిలే అలవాటుకొద్దీ నీళ్ల అంచునే వదిలాం. అల పట్టుకుపోయింది. నాన్న దారంతా సణిగాడు. నాయనమ్మ వట్టి కాళ్లతో దర్జాగా బస్సెక్కింది.

నిన్న నేనూ చీర ఎగ్గట్టాను. నా చెప్పులు తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాను.

"నువ్వు చూసుకోరా. నేను లోపలికెళ్లొస్తా."