పద్నాలుగు సోమవారాలు

మా ఆసుపత్రిలో అందరూ ఆవిడను కుళాయక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు నోరు జారి మాత్రం పెట్టలేదు. నాలుగంతస్తుల భవనం. నూట అరవై రెండు కుళాయిలు, షవర్లతో కలిపి. ప్రతి సోమవారం పొద్దున్నే ఒక బకెట్టు, ఒక థర్మామీటరు, చంకలో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని కింద మొదలుపెడితే, సాయంత్రానికి పై అంతస్తు చివరి గదిలో తేలుతుంది.

చేసే పని చెబితే ఇంతేనా అనిపిస్తుంది. కుళాయి తిప్పడం, నీళ్ళు వదలడం, వేడి చూడడం, రాయడం. "జీతం తీసుకుని నీళ్ళు పారబోసే ఉద్యోగం" అని ఒకసారి క్యాంటీన్లో నేనే జోకు వేశాను. అందరూ నవ్వారు. ఇప్పుడు అది గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ పని నిజానికి నాది. పెద్ద భవనాల నీళ్ళ గొట్టాల్లో పెరిగే బ్యాక్టీరియా వల్ల ఎవరికీ జబ్బు చేయకుండా చూడాలని చట్టం ఉంది. యజమాని ఒక బాధ్యుణ్ణి పెట్టాలి. ప్రమాదం ఎక్కడుందో ఆ మనిషి చూడాలి, ఉంటే సరిచేయించాలి, చేసిందంతా రాతలో ఉంచాలి. మా భవనానికి ఆ బాధ్యుణ్ణి నేను. నన్ను నియమించిన ఉత్తర్వుకు ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనకాలే తగిలించుకున్నాను కూడా. కాగితం నాది, అరిగే కాళ్ళు ఆవిడవి.

రెండు రోజుల శిక్షణలో నా బుర్రకు ఎక్కనిది ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది. "పారే నీళ్ళతో పేచీ లేదు సార్. గోరువెచ్చగా, కదలకుండా కూర్చున్నాయి చూడండి, వాటితోనే. తాగితే కాదు, షవర్లోంచి తుంపర లేచి ఊపిరిలోకి పోతే అప్పుడు పట్టుకుంటుంది." అందుకే షవర్ తిప్పేముందు దానికి ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచి మూల కత్తిరిస్తుంది. నీళ్ళు తుంపర లేవకుండా బకెట్లోకి దిగుతాయి.

వేడినీళ్ళ కుళాయి ఒక నిమిషం వదిలాక యాభై డిగ్రీలకు తగ్గకూడదు. ఆవిడ ముందు గొట్టం మీద వేళ్ళు ఆనించి "యాభై నాలుగు" అంటుంది. తర్వాత థర్మామీటరు పెడుతుంది. అదీ యాభై నాలుగే అంటుంది. ఆవిడతో పందెం వేసి ఓడిపోయిన వాళ్ళలో మా ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, ఇద్దరు నర్సులున్నారు, నేనూ ఉన్నాను.

ఆవిడ ఊడ్చే పనిలో చేరి పందొమ్మిదేళ్ళయింది. ఈ పని అప్పగించాక ఇల్లు కూడా ఆసుపత్రి అయిపోయిందట. ఒకరోజు క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన కోడలు నా ముందే నవ్వుతూ మొరపెట్టుకుంది.

"నాలుగు రోజులు ఊరెళ్ళి వస్తే చాలండీ, మా అత్తయ్య మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. కుళాయిలన్నీ వదిలి, ఇక రండి అనేదాకా సామాన్లు మోస్తూ నిలబడాల్సిందే."

"నవ్వవే, నవ్వు. ఊపిరాడుతోంది కాబట్టే నవ్వగలుగుతున్నావు" అంది కుళాయక్క.

మూడో అంతస్తులో చివరి గదిని స్టోరు వాళ్ళు విరిగిన మంచాలకు తీసుకుని తాళం వేశారు. లోపల ఒక సింకు, ఒక షవరు. తాళంచెవి అడిగితే స్టోర్ కీపరు "సార్ చెప్తే ఇస్తా" అన్నాడు. సార్‌కి చెప్పడానికే కదా పుస్తకం ఉన్నది. ఆవిడ రాసింది: "చివరి గది. తాళం. తెరవలేదు." మరుసటి సోమవారం మళ్ళీ అడిగింది, మళ్ళీ రాసింది. అలా పద్నాలుగు సోమవారాలు. ప్రతి వారం ఆ రాత కింద నా సంతకం ఉంది. ఫోన్ మాట్లాడుతూ పెట్టిన సంతకాలు అవి.

ఇలాంటి పుస్తకాలు వేరే భవనాల్లో చూశాను. పై నుంచి కింద దాకా యాభై ఐదు, యాభై ఐదు, యాభై ఐదు. ఒకే సిరా, ఒకే విడతలో రాసేసినట్టు. పీకేసిన కుళాయికి కూడా యాభై ఐదే. ఆ గదికి ఒక అంకె వేసేస్తే ఆవిడనూ అడిగేవాళ్ళు లేరు. వేయలేదు.

ఆ చివరి గది పక్క గదిలోకి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది. ఎనిమిదో రోజున జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. రెండు రోజులు మందు ఎక్కించినా తగ్గకపోవడంతో ఐసీయూకి మార్చారు. ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి ఇలా అవుతుందని అందరూ అనుకున్నాం.

అది సోమవారం. కుళాయక్క ఆ గదిలోకి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. డ్రైవరు భార్య ఆయన తువ్వాలు మడతపెడుతోంది. "పొద్దున్నే షవర్ కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారమ్మా. బస్సులో చెమటంతా ఇప్పుడు వదులుతోంది అనేవారు" అంటూ కళ్ళు తుడుచుకుంది. కుళాయక్క నీళ్ళు వదిలి గొట్టం మీద వేళ్ళు ఆనించింది. నలభై మూడు. థర్మామీటరూ నలభై మూడే అంది. ఆ గొట్టం అక్కడితో ఆగదు, గోడ దాటి తాళం వేసిన గదిలోకి పోతుంది.

పది నిమిషాల తర్వాత ఐసీయూ ముందు ఆవిడ నాకు ఎదురుపడింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "రౌండు వదిలేసి ఇక్కడేం పనక్కా?" అన్నాను. ఆవిడ నన్ను దాటుకుని నేరుగా డాక్టరు ముందుకెళ్ళి పుస్తకం తెరిచింది.

"ఆయన స్నానం చేసిన గొట్టానికి తగులుకుని ఇంకో ముక్క ఉందండీ. అందులో పద్నాలుగు వారాలుగా నీళ్ళు కదల్లేదు. ఇవాళ ఈయన గదిలోనూ వేడి లేదు. నేను చదువుకున్నదాన్ని కాదు. మీరు ఒక్కసారి ఆ వైపు కూడా చూడండి."

డాక్టరు విసుగ్గానే పుస్తకం అందుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత ఆయన చెయ్యి తొందరపడింది. గొట్టాల్లో పెరిగే ఆ బ్యాక్టీరియా, లెజియొనెల్లా, పరీక్షకు పంపమని నర్సుతో చెప్పి, ఫలితం కోసం ఆగకుండానే మందు మార్చాడు. "ఇప్పటిదాకా ఇచ్చింది దీని మీద పనిచెయ్యదు" అన్నాడు నాతో. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. అదే.

ఆ అంతస్తు షవర్లన్నీ మూయించాను. తాళం గదిలోకి పోయే గొట్టాన్ని ప్లంబరు మొదలు దగ్గరే కోసి మూత బిగించేశాడు. కోసిన ముక్క లోపల జిగురు పట్టి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఇది మనుషుల దాకా రాకుండా ఆపింది ఒక బకెట్టు, ఒక సంచి, ఒక ఆడమనిషి వేళ్ళూనా!

డ్రైవరు మూడు రోజులు అటో ఇటో అన్నట్టు ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున జ్వరం దిగింది. ఆయన భార్య ఎదురొచ్చి నాకు దండం పెట్టింది. తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మరుసటి వారం ఆ చట్టం కింద తనిఖీ చేసే అధికారి వచ్చింది. నా గదిలో, ఆ ఫ్రేము కిందే కూర్చుని పుస్తకమంతా చదివింది. ఆ రాత లేకపోతే ఆ మనిషి దక్కేవాడు కాదని డాక్టరు తన నివేదికలో రాశాడట. కుళాయక్కను పిలిపించింది.

"పద్నాలుగు వారాలు రాశావు. ఎవరూ పట్టించుకోలేదు. అయినా ఎందుకు రాస్తూ పోయావమ్మా?"

కుళాయక్కకు ప్రశ్న అర్థమైనట్టు లేదు. "పట్టించుకోకపోవడమేంటండీ? కింద సార్ సంతకం ఉందిగా. చదివారు, ఏదో ఏర్పాటు చేస్తున్నారు, ఆలస్యమవుతోంది అనుకున్నాను."

అధికారి నా వైపు చూసింది. ఏర్పాటు చేస్తూనే ఉన్నానని అనడానికి దారి ఉంది. కుళాయక్క కూడా ఆ మాటే అంటానని నమ్మకంగా చూస్తోంది.

"చదవలేదండీ. ఒక్క వారం కూడా చదవలేదు" అన్నాను.

అధికారి రాసుకుంది. నా మీద చర్య ఉంటుందని చెప్పింది. న్యాయమే. నాకు తగిలింది అది కాదు. కుళాయక్క నన్ను నలభై మూడు చూపించిన కుళాయిని చూసినట్టు చూసింది.

"పద్నాలుగు వారాలా సార్?"

"అవునక్కా."

ఆవిడ బల్ల మీది పుస్తకం తీసి, ఆ వారం పేజీ తెరిచి నా ముందు పెట్టింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"అయితే ఇది చదివి పెట్టండి సార్."

నూట అరవై రెండు గీతలు. మొదటి గీత మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. అయ్యేదాకా అధికారీ, కుళాయక్కా ఇద్దరూ అక్కడే ఉన్నారు.