రేణిగుంట విమానానికి ఒక సిలిండర్ కావలెను

మా వీధి వినాయకుడి గుడిలో పూజారిగారితో నాకొక పేచీ ఉంది. నేను బజారంతా తిరిగి, చెవి దగ్గర ఆడించి చూసి, పెద్ద కాయ తీసుకెళ్తాను. హారతి అయ్యాక నా చేతికొచ్చే చిప్ప మాత్రం ఎప్పుడూ ఇంకెవరిదో, నిమ్మకాయంత. అడిగితే “అన్నీ స్వామివే కదండీ” అంటారు. అన్నీ స్వామివే అయినప్పుడు పెద్దది నాకిచ్చినా స్వామికి అభ్యంతరం ఉండకూడదు. మా ఆవిడ దీన్ని పిసినారితనం అంటుంది. కాదు. కొబ్బరికాయలతో నాకు ఉద్యోగరీత్యా పాత పరిచయం ఉంది.

1975లో నన్ను తిరుపతి పక్కన రేణిగుంట విమానాశ్రయంలోని మా కంపెనీ శిబిరానికి వేశారు. కంపెనీ పని విమానంతో పొలాల మీద పురుగుమందు చల్లడం. నా హోదా లైసెన్సు ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్. పేరు పొడుగే గాని పని ఒక్క మాటలో చెప్పొచ్చు. విమానం ఎగరడానికి తగినదని నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది షెడ్డు దాటకూడదు. కూలితే ముందు పైలట్‌ను వెతుకుతారు, ఆ తర్వాత నన్ను.

శిబిరం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, ఒక విమానం, కెప్టెన్ దామోదరం అనే పైలట్, నేను, ఫిట్టర్ మునిరత్నం. మునిరత్నానిది ఏర్పేడు. శ్రీకాళహస్తిలో లారీల మరమ్మతు షెడ్డులో పనిచేసేవాడు. నట్టు బిగించే పద్ధతి చూసి నేనే అతణ్ణి మా దగ్గరికి రమ్మని అడిగాను. వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. “లారీలు ఎప్పుడూ ఉంటాయి సామీ. ఈ గాలిమోటారు రేపు ఉండాదో లేదో యెవురికి తెలుసు?” అన్నాడు. నేను ఏర్పేడు దాకా వెళ్ళి, అరుగు మీద కూర్చుని, విమానయాన రంగ భవిష్యత్తు గురించి ఆయనకు ఉపన్యాసం ఇచ్చి, కొడుకును తెచ్చుకున్నాను. స్థానికంగా తీసుకున్నవాడు కాబట్టి అతనికి బదిలీ లేదు, ఖాయం ఉద్యోగం లేదు. శిబిరం ఉన్నంతకాలం జీతం. మూడేళ్ళలో ఆ ఒక్క ఇంజన్‌ను కళ్ళు మూసుకుని విప్పి బిగించేంత పని నేర్చుకున్నాడు. లారీ డీజిల్ పని మరచిపోయేంతగా నేర్చుకున్నాడు.

ఇంజన్ సంగతి చెప్పాలి. తొమ్మిది సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన రకం. దీన్ని రేడియల్ అంటారు. యుద్ధకాలపు సరుకు. తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కంపెనీవారు దాన్ని విడిభాగాలతో సహా చవకగా కొన్నారు. మూడో ఏటికి విడిభాగాలు అయిపోయాయి, చవకతనం మిగిలింది.

1978 మే నెలలో మామూలు తనిఖీలో ఒక సిలిండర్ ఒత్తిడి నిలవడం లేదని తేలింది. విప్పి చూస్తే దాని తలలో, ప్లగ్గు రంధ్రం నుంచి వాల్వు దాకా పగులు. విమానం సిలిండర్ రెండు ముక్కల జోడు. కింద ఉక్కు గొట్టం, పైన అల్యూమినియం తల. ఫ్యాక్టరీలో తలను కాల్చి, మూత తిప్పినట్టు గొట్టానికి మరల మీద తిప్పి బిగిస్తారు. చల్లారితే అది జన్మబంధం. విడదీసి మళ్ళీ కలపడం ఆ ఫ్యాక్టరీ పనిముట్లతోనే సాధ్యం.

మద్రాసులోని మా కంపెనీ మేనేజరు ఫోన్‌లో మర్యాదగానే చెప్పాడు. తొలకరికి వేరుశనగ మీద ఎర్ర గొంగళి పురుగు లేస్తుంది. అప్పటికి విమానం ఎగరకపోతే శిబిరం ఎత్తేస్తాం, మిమ్మల్నీ కెప్టెన్‌నూ వేరే చోటికి వేస్తాం అన్నాడు. మునిరత్నం గురించి అడిగాను. “ఎవరు?” అన్నాడు.

ఇంజన్ చేసిన విదేశీ కంపెనీకి రాశాను. జవాబు త్వరగానే వచ్చింది. ఆ ఇంజన్ తాలూకు పనిముట్లన్నీ తుక్కు కింద అమ్మేశామని, తాము ప్రస్తుతం పడవ మోటార్లు చేస్తున్నామని, కావాలంటే క్యాటలాగు పంపుతామని రాశారు. బెంగుళూరు, కాన్పూరు, కలకత్తా, ఎక్కడెక్కడో అదే రకం ఇంజన్లు ఒకప్పుడు వాడినవాళ్ళందరికీ రాశాను. సానుభూతి బాగా దొరికింది. మద్రాసు పాత ఇనుము బజారులో ఒక సాయిబు తన దగ్గర అచ్చం అదే సిలిండర్ ఉందన్నాడు. ఉంది. తూకానికి రాయి బదులు వాడుతున్నాడు. దాని అడుగున సీసం పోశారు.

ఆఖరికి ఆచూకీ తెచ్చింది మునిరత్నమే. చిత్తూరు వైపు ఒక పాలిటెక్నిక్‌లో అతని బావమరిది చదివాడు. అక్కడి వర్క్‌షాపులో, పూర్వం మిలిటరీవాళ్ళు చదువు కోసం దానమిచ్చిన ఇంజన్ ఒకటి ఉందట. “తొమ్మిది తలకాయలు సార్! పిల్లకాయలు పరీక్షకు పొయ్యేముందు నవగ్రహాల మాదిరి దాని సుట్టూ తిరుగుతారంట,” అన్నాడు. అతను అంతగా నవ్వడం అంతకు ముందు చూడలేదు.

మద్రాసులోని ప్రభుత్వ విమాన తనిఖీ అధికారిని ఆ సిలిండర్ వాడవచ్చా అని అడిగితే, కొలతలు పరిమితిలో ఉంటే ఒప్పుకుంటానన్నాడు. ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని, పనిముట్లతో బస్సెక్కి వెళ్ళాం.

వర్క్‌షాపు సూపరింటెండెంట్ శేషాచార్యులుగారు తరతరాలుగా గుళ్ళో కైంకర్యం చేసిన కుటుంబంలో పుట్టి, ఎలాగో మెకానికల్ డిప్లొమా చదివిన మనిషి. నుదుట తిరునామం, చేతిలో నూనెగుడ్డ. ఇంజన్‌ను ఇనుప స్టాండు మీద చక్రాన్ని పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టి, వెండి రంగు వేసి, పైన గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీశారు. అద్దంలా ఉంది. సిలిండర్లను చల్లబరిచే పలుచని ఫిన్నుల్లో ఒక్కటీ విరగలేదు. అదే రకం, అదే నంబరు వరస. మునిరత్నం దాన్ని తాకి, “మనదానికంటే వయసులో ఉండాది సార్,” అన్నాడు.

“ఆ ప్లగ్గులేవండీ?” అని అడిగాను. తొమ్మిదింటికీ ప్లగ్గు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి.

విద్యార్థులు విప్పడం నేర్చుకున్నారని ఆయన చెప్పారు. బిగించడం సిలబస్‌లో లేనట్టుంది.

“మీరు దిగులు పడవద్దు. దీన్ని మేము వట్టి ఇనుముగా చూడలేదండీ,” అన్నారు ఆచార్యులుగారు. “ప్రతి ఆయుధపూజకూ తొమ్మిది కాయలు కొడతాం, ఒక్కోదానికి ఒకటి. నీళ్ళు ఒక్క చుక్క నేలన పడనివ్వం. ఆ రంధ్రాలున్నాయి చూశారూ, వాటిలోనే పోస్తాం. తీర్థం లోపలికి పోవద్దటండీ మరి?”

నేను మునిరత్నం వైపు చూశాను. అతను అప్పటికే నట్లు విప్పుతున్నాడు, కొంచెం తొందరగా.

సిలిండర్ కదలలేదు. పిస్టన్ లోపల పట్టేసింది. కొయ్య సుత్తితో తట్టి, నూనె పోసి, మధ్యాహ్నానికి ఊడదీశాం. పైతల కొత్తదానిలా ఉంది, చెక్కు చెదరలేదు. గొట్టం లోపలివైపు మశూచి పోసిన ముఖంలా ఉంది. తుప్పుతో ఎర్రగా, గుంటలు గుంటలుగా. ఆ ఉక్కు మీద వేలిగోరు మందం కూడా లేని గట్టి పొర ఒకటుంటుంది. దాని బలం మీదే సిలిండర్ బతుకుతుంది. గుంటలు ఆ పొర దాటి లోపలికి దిగాయి. టార్చి వేసి మిగతా ఎనిమిదింటిలోకీ చూశాం. ఆచార్యులుగారు దేనికీ అన్యాయం చేయలేదు.

మునిరత్నం ఆ సిలిండర్‌ను ఒళ్ళో పెట్టుకుని, తలనూ గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు.

“మనదానికి మొండెం బాగుండాది, తల పగిలింది. దీనికి తల బాగుండాది, మొండెం కుళ్ళింది. వినాయకుడికి పెట్టినట్టు తల మార్చెయ్యలేమా సార్?”

“ఆ పని శివుడు చేశాడు. ఆయనకు లైసెన్సు అడిగేవాళ్ళు లేరు.”

“ఎగతాళి కాదు సార్. ఇట్లాగే బిగించేస్తే? నూనె తాగుతాది, తాగనీ. ఈ ఒక్క సీజనూ లాగిచ్చేస్తే సాలు. వచ్చే ఏటికి యాడో ఒకచోట దొరకదా?”

నేను చెప్పాను. ఆ గుంటలు పిస్టన్ రింగులను కోస్తాయి. ఒక్కో గుంట ఒక్కో పగులుకు విత్తనం. మందు చల్లే విమానం తాటిచెట్టు ఎత్తులో పోతుంది. ఆ ఎత్తులో సిలిండర్ ఊడితే పైలట్‌కు దేవుడి పేరు పూర్తిగా పలికే వ్యవధి కూడా ఉండదు. అతను అంతా విన్నాడు. ఇవన్నీ అతనికి నేర్పింది నేనే కనుక కొత్తగా వినడానికేమీ లేదు.

ఆచార్యులుగారు మాత్రం స్తంభం పక్కన నిలబడి, “కొబ్బరినీళ్ళు చల్లదనం కదండీ,” అని తనలో తాను అనుకున్నారు. మాకు మజ్జిగ తెప్పించారు. ఇంజన్ మీద గుడ్డ మళ్ళీ కప్పలేదు.

మునిరత్నం ఆశ చావక రేణిగుంటకు మోసుకొచ్చిన ఆ సిలిండర్‌ను కెప్టెన్ దామోదరం చూసి, “మీరు సంతకం పెడితే ఎగురుతానండీ,” అన్నాడు. “మీరు పెట్టరని తెలుసు, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నా.”

నేను పెట్టలేదు. తొలకరి పడింది. గొంగళిపురుగులు మేనేజరు చెప్పినట్టే లేచాయి. ఏర్పేడు వైపు రైతులు చేల గట్ల వెంట కందకాలు తీసి, సాయంత్రం మంటలు పెట్టి, చేతనైనంత కాపాడుకున్నారు. మునిరత్నం వాళ్ళ నాయన చేను సగం పోయింది. షెడ్డు దగ్గరికి వచ్చిన రైతులు విమానం చుట్టూ తిరిగి చూసి వెళ్ళిపోయేవారు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

జులైలో ఉత్తర్వు వచ్చింది. నాకు మద్రాసు, కెప్టెన్‌కు ఉత్తరాది. రెక్కలు విప్పి, విమానాన్ని లారీ మీద పంపాలి. విప్పే పని మునిరత్నమే చేశాడు. ప్రతి బోల్టుకూ నూనె రాసి, చీటీ కట్టి, ఎవరో మళ్ళీ బిగిస్తారన్నట్టు.

ఈ ఉదంతం నేర్పిన పాఠం చిన్నదే. యంత్రాన్ని ఒప్పుకునే ముందు అది నడుస్తుందా అని కాదు, దాన్ని చేసేవాడు ఇంకా ఉన్నాడా అని అడగాలి. వెనక ఆదరువు లేని యంత్రం మీద ఎవరూ బతుకు పెట్టుకోకూడదు. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఏ విమానాన్ని తీసుకోవాలన్నా మొదటి ప్రశ్న నాకు ఇదే అయింది. దానివల్ల కంపెనీకి మేలే జరిగింది.

లారీకి తాళ్ళు బిగిస్తున్న రోజున ఈ మాటే మునిరత్నానికీ చెప్పాను, ఓదార్పుగా ఉంటుందని. అతను ముడి పూర్తిగా బిగించి, చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

“ఇంజనుకు స్పేరు కోసరం దేశమంతా జాబులు రాసినారు గదా సార్. నాకు పని కోసరం యాడికన్నా ఒక్కటి రాసినారా?”